ఇళ్ల మధ్య రోడ్డుపై వేగానికి కళ్లెం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఇళ్ల మధ్య నుంచి పోయే రోడ్లమీద వాహనాల వేగాన్ని తగ్గించడానికి అక్కడ నివసించేవారే స్వచ్ఛందంగా ఏం చేయవచ్చునని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కూర్చాము.

ప్రశ్న: మా ఇళ్ల ముందున్న రోడ్డు రెండు పెద్ద రోడ్లను కలుపుతుంది. సిగ్నల్ తప్పించుకోవడానికి వాహనాలన్నీ ఇటు మళ్లుతున్నాయి. బడివేళల్లో పిల్లల్ని ఒంటరిగా రోడ్డు దాటించాలంటే గుండె దడదడలాడుతోంది. పోలీసులకు చెబితే రెండు రోజులు వచ్చి నిలబడతారు, మూడోనాటికి మళ్లీ మామూలే. ఉద్యోగ విరమణ చేసినవాళ్లం కొందరం రోజూ కాసేపు రోడ్డుపక్కన నిలబడి చూడడానికి సిద్ధంగా ఉన్నాము. దీనివల్ల నిజంగా ఫలితం ఉంటుందా? అసలు ఏ అధికారంతో నిలబడాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు

సమాధానం: ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం, ఎందుకంటే దాన్నిబట్టే మొదటిది తేలుతుంది. స్వచ్ఛందంగా పనిచేసేవారికి వాహనాన్ని ఆపే అధికారం గాని, జరిమానా వేసే అధికారం గాని ఉండదు. ఉండకూడదు కూడా. ఈ పనిలో మీకున్న బలం రెండే రెండు విషయాలలో ఉంది. ఒకటి, మీరు అక్కడ ఉన్నారని డ్రైవరుకు కనిపించడం. రెండోది, ఆ రోడ్డుమీద వాహనాలు నిజంగా ఎంత వేగంతో పోతున్నాయో మీ దగ్గర నమ్మదగిన లెక్క ఉండడం. మొదటిది మీరు నిలబడినంతసేపు పనిచేస్తుంది. రెండోది మీరు ఇంటికి వెళ్లిన తరువాత కూడా పనిచేస్తుంది. అందుకే, నా అభిప్రాయంలో, మీ బృందానికి ఈలకన్నా, ఎర్రజెండాకన్నా నోటుపుస్తకమే ముఖ్యం.

ఈ పని ఒక పద్ధతిగా ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి బ్రిటన్‌లో ‘కమ్యూనిటీ స్పీడ్‌వాచ్’ పేరుతో నడుస్తున్న ఏర్పాటును చూడవచ్చు. అక్కడ గ్రామాలలోను, పట్టణాలలోను స్థానికులు బృందాలుగా ఏర్పడి, పోలీసుల దగ్గర శిక్షణ పొంది, పోలీసులు ముందుగా వచ్చి చూసి సురక్షితమని ఒప్పుకున్న స్థలాలలో మాత్రమే నిలబడతారు. పగటి వెలుతురులోనే, దూరం నుంచి మెరిసే జాకెట్లు వేసుకుని, సాధారణంగా కనీసం ముగ్గురు కలిసి పనిచేస్తారు. ఒకరు పరికరంలో వేగాన్ని చదువుతారు, ఒకరు నంబరు ప్లేటు చెబుతారు, మూడోవారు రాస్తారు. నంబరుతో పాటు వాహనం ఏ కంపెనీదో, ఏ రంగుదో కూడా రాయడంలో ఒక అర్థముంది. పోలీసులు ఆ నంబరును తమ రిజిస్ట్రేషన్ వివరాలతో సరిచూసినప్పుడు రంగు, తయారీ కలవకపోతే, నంబరు తప్పుగా చదివారని గాని, ఆ ప్లేటే నకిలీదని గాని తెలిసిపోతుంది. అలా తప్పు చేయనివారి ఇంటికి ఉత్తరం వెళ్లకుండా జాగ్రత్తపడతారు.

వివరాలు సరిపోయినప్పుడు వాహన యజమానికి పోలీసులే ఉత్తరం రాస్తారు. అందులో జరిమానా ఉండదు, కేసు ఉండదు. ‘ఫలానా రోజున, ఫలానా చోట మీ వాహనం పరిమితికి మించిన వేగంతో వెళ్లింది’ అన్న సమాచారం, ఒక హెచ్చరిక ఉంటాయి. అదే వాహనం మళ్లీ మళ్లీ పట్టికలోకి ఎక్కితే ఉత్తరాల తీరు కటువుగా మారుతుంది, పోలీసులు స్వయంగా ఇంటికి వెళ్లవచ్చు, లేదా ఆ రోడ్డుమీద తామే నిఘా పెట్టవచ్చు. స్థానిక పోలీసు విభాగాన్నిబట్టి ఈ పద్ధతిలో చిన్నచిన్న తేడాలు ఉన్నా, ఎక్కడైనా ఒక్కటి మాత్రం మారదు: చూసేది, రాసేది ప్రజలు, చర్య తీసుకునేది పోలీసులు. మీరు మొదలుపెట్టే ముందు మీ ప్రాంతపు ట్రాఫిక్ పోలీసులను కలిసి ఈ హద్దును మాటగా కాక కాగితం మీద ఖాయం చేసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. పోలీసుల అంగీకారం లేకుండా నిలబడిన బృందానికి వివాదం వచ్చిన రోజున అండ ఉండదు.

ఇక ఫలితం మాట. మెరిసే జాకెట్లు కనిపించినంతసేపు డ్రైవర్లు వేగం తగ్గిస్తారు, మీరు వెళ్లిపోయాక కొంతకాలానికి మళ్లీ పుంజుకుంటారు. పోలీసు నిఘా విషయంలోనూ, వాహనం వేగాన్ని చూపే ఎలక్ట్రానిక్ బోర్డుల విషయంలోనూ జరిగేది ఇదే. అందువల్ల రోజూ ఒకే వేళకు, ఒకే చెట్టుకింద నిలబడవద్దు. రోజులు మార్చండి, వేళలు మార్చండి, అనుమతి ఉన్న స్థలాలు రెండు మూడు ఉంటే వాటి మధ్య మారుతూ ఉండండి. ఈరోజు ఉంటారో ఉండరో డ్రైవరుకు తెలియనప్పుడే మీరు లేని రోజున కూడా అతని కాలు బ్రేకు మీదికి వెళుతుంది. రోజూ నిలబడి నెలలోపే అలసిపోవడం కన్నా, వారానికి కొద్ది గంటలు చొప్పున ఏడాది పొడవునా సాగించడం మేలు.

ప్రశ్న: మా దగ్గర స్పీడ్ గన్ లేదు, కొనే స్తోమతా లేదు. టేపు, స్టాప్‌వాచ్‌తో వేగం కొలవవచ్చునని ఒక మిత్రుడు అన్నాడు. అలా కొలిచిన లెక్కకు విలువ ఉంటుందా?
— కాలనీ సంఘం కార్యదర్శి

సమాధానం: శిక్ష వేయడానికి ఆ లెక్క పనికిరాదు. రోడ్డు పరిస్థితి ఏమిటో అధికారులకు చూపడానికి మాత్రం, జాగ్రత్తగా చేస్తే, చక్కగా పనికివస్తుంది. రోడ్డు ఇంజనీర్లు కూడా ఒకప్పుడు ఇలాగే కొలిచేవారు.

రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టండి. కరెంటు స్తంభమో, గేటు అంచో అయితే దూరం నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. టేపుతో ఒకసారి కాదు, రెండుసార్లు కొలవండి. వాహనం ముందు చక్రం మొదటి గుర్తును దాటినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గుర్తును దాటినప్పుడు ఆపండి. 180ని వచ్చిన సెకండ్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 6 సెకండ్లు పడితే 30, 4 సెకండ్లు పడితే 45, 3 సెకండ్లే పడితే 60.

దూరం 50 మీటర్లకు తగ్గనివ్వకపోవడానికి కారణం ఉంది. మనిషి వేలు ఎంత చురుకైనదైనా సెకండులో అయిదోవంతు అటూఇటూ కావడం సహజం. గంటకు 50 కిలోమీటర్లతో పోతున్న వాహనం 50 మీటర్లు దాటడానికి 3.6 సెకండ్లు తీసుకుంటుంది. మీరు 0.2 సెకండు ముందే ఆపేస్తే వేగం 53గా కనిపిస్తుంది. అదే గుర్తుల మధ్య 20 మీటర్లే ఉంటే, అంతే పొరపాటుకు 58గా కనిపిస్తుంది. రెండో చిక్కు చూపు వాలుకు సంబంధించినది. మొదటి గుర్తు దగ్గర నిలబడినవారికి రెండో గుర్తు ఏటవాలుగా కనబడుతుంది కాబట్టి వాహనం దాన్ని దాటిన క్షణం సరిగా తెలియదు. రెండో గుర్తుకు ఎదురుగా మరొకరిని నిలబెట్టి, చక్రం గుర్తును దాటగానే చేయి దించమనండి. ఆ చేతిని చూసి మీరు స్టాప్‌వాచ్ ఆపండి.

మలుపుకు, కూడలికి, స్పీడ్ బ్రేకరుకు దగ్గరలో కొలవవద్దు. ముందు వాహనం వెనకే అంటుకుని పోతున్న వాహనాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ వేగం ఆ డ్రైవరు ఎంచుకున్నది కాదు. ఎదుట ఏ అడ్డూ లేని వాహనాలను కనీసం నూరింటినైనా, వేరువేరు రోజుల్లో, బడివేళ, మధ్యాహ్నం, సాయంత్రం అని విడదీసి రాసుకోండి. వేగంగా వచ్చినవాటినే ఏరి రాయాలన్న ఆశ కలుగుతుంది. దానికి లొంగితే పట్టిక మొత్తం వృథా అవుతుంది. నెమ్మదిగా వెళ్లినదాన్ని కూడా అంతే శ్రద్ధగా రాయాలి.

నూరు వాహనాల వేగాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి 85వ అంకెను చూడండి. నూటికి 85 వాహనాలు ఆ వేగాన్ని మించడం లేదన్నమాట. రోడ్డు ఇంజనీర్లు సగటుకన్నా ఎక్కువగా పట్టించుకునే అంకె ఇదే. ‘మా రోడ్డుమీద అందరూ దూసుకుపోతున్నారు’ అనే ఫిర్యాదు ఫైలులో పడి ఉంటుంది. ‘30 పరిమితి ఉన్న మా రోడ్డుమీద ఈ కొలత 47 వచ్చింది, ఫలానా వేళల్లో ఇంకా ఎక్కువ’ అని చెప్పే పట్టికకు అధికారి ఏదో ఒక జవాబు రాయక తప్పదు.

ఇందులో ఒక ముఖ్యమైన మెలిక ఉంది. ఉన్న పరిస్థితిని కొలిచేటప్పుడు మెరిసే జాకెట్లతో గుంపుగా నిలబడితే వాహనాలు నెమ్మదించి, మీ లెక్కే మీ వాదానికి ఎదురు తిరుగుతుంది. కాబట్టి మొదటి కొలతలు రోడ్డుకు దూరంగా, ఏ గేటు లోపలి నుంచో, అరుగు మీది నుంచో తీసుకోండి. డ్రైవర్లకు కనబడే కార్యక్రమాన్ని ఆ తరువాత మొదలుపెట్టండి. రెండు పనులనూ ఒకే రోజున కలపవద్దు.

మున్ముందు పోలీసులు స్పీడ్ గన్ ఇస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. వాహనం వచ్చే దిశకు ఎంత పక్కగా నిలబడి గురిపెడితే, పరికరం అంత తక్కువ వేగం చూపుతుంది. 20 డిగ్రీల కోణంలో చూస్తే నిజంగా 50తో వస్తున్న వాహనం 47గా కనిపిస్తుంది. ఈ తేడా ఎప్పుడూ డ్రైవరుకు అనుకూలంగానే ఉంటుంది, కాబట్టి ‘మీ మిషన్ ఎక్కువ చూపింది’ అని ఎవరైనా వాదించినప్పుడు, కోణం వల్ల అలా జరగదని నెమ్మదిగా చెప్పవచ్చు.

ప్రశ్న: పరిమితికి అయిదు, పది కిలోమీటర్లు ఎక్కువ వెళ్లినంత మాత్రాన కొంపలు మునుగుతాయా? ఇప్పటి కార్లకు మంచి బ్రేకులున్నాయి. నేను ఇరవై ఏళ్లుగా ఒక్క ప్రమాదం లేకుండా నడుపుతున్నాను. పనిలేని పెద్దలు కొందరు రోడ్డుపక్కన కుర్చీలు వేసుకుని మమ్మల్ని నేరస్థుల్లా చూడడం బాధగా ఉంది.
— ఒక పాఠకుడు

సమాధానం: మీ బాధను తోసిపుచ్చను. మిమ్మల్ని నేరస్థుడిగా చూడడం ఈ కార్యక్రమాల ఉద్దేశం కాదు. అలా చూసే బృందం ఏదైనా ఉంటే అది తన పనిని తానే చెడగొట్టుకుంటోంది. కాని వేగం విషయంలో మీతో ఏకీభవించలేను.

మంచి బ్రేకులున్న రెండు కార్లు పక్కపక్కనే వస్తున్నాయనుకోండి, ఒకటి 30తో, మరొకటి 50తో. ఒక పిల్లవాడు బంతి వెంట రోడ్డుమీదికి పరుగెత్తాడు. చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి ఇద్దరు డ్రైవర్లకూ ఒక సెకండు పట్టిందనుకుందాం. ఆ ఒక్క సెకండులో 30తో వస్తున్న కారు 8 మీటర్లు సాగుతుంది, పొడి రోడ్డుమీద బ్రేకు వేశాక మరో 5 మీటర్లలో ఆగుతుంది. అంటే మొత్తం 13 మీటర్లు. 50తో వస్తున్న కారు ఆ ఒక్క సెకండులోనే 14 మీటర్ల దాకా పోతుంది. మొదటి కారు పూర్తిగా ఆగిన చోటుకు రెండో కారు చేరేసరికి దాని బ్రేకు ఇంకా పడనే లేదు. పిల్లవాడు అక్కడే ఉంటే, కారు అతన్ని తాకేది పూర్తి 50 వేగంతోనే. ఇందులో డ్రైవరు నైపుణ్యానికి, బ్రేకుల నాణ్యతకు చోటు లేదు.

అయిదు, పది కిలోమీటర్ల సంగతి కూడా చూద్దాం. రోడ్డుమీద వాహనాల సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం ప్రాణాంతక ప్రమాదాలు సగటు వేగపు నాలుగో ఘాతంతో (వేగం × వేగం × వేగం × వేగం) పాటు మారుతాయి. సగటు 50 నుంచి 55కు పెరిగితే, ఆ లెక్కన ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. మీరొక్కరు అయిదు కిలోమీటర్లు పెంచితే మీకేమీ కాకపోవచ్చు. అందరూ అలాగే అనుకుంటే సగటు పెరుగుతుంది, ఆ పెరుగుదల ఎవరో ఒకరి ఇంటిమీద పడుతుంది.

ఇంతా చేసి మిగిలేది ఎంత? రెండు కిలోమీటర్ల రోడ్డును 30తో దాటడానికి 4 నిమిషాలు పడుతుంది. 50తో ఎక్కడా ఆగకుండా పోగలిగితే 2 నిమిషాల 24 సెకండ్లు. తేడా 96 సెకండ్లు, అది కూడా దారిలో ఒక్క కూడలీ అడ్డం రాకపోతే. మీ ఇరవై ఏళ్ల అనుభవాన్ని గౌరవిస్తూనే అడుగుతున్నాను: ఆ రోడ్డు పక్కన కూర్చున్న పెద్దల దగ్గరికి ఒకరోజు వెళ్లి, వారి పక్కన కాసేపు నిలబడి చూడండి. కారులోపలి నుంచి 50 చాలా నెమ్మదిగా తోస్తుంది. రోడ్డు అంచున నిలబడినవారికి అది ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: మేము నిలబడిన రెండో వారంలోనే ఒకాయన కారు ఆపి దిగి కేకలు వేశాడు. ఆయన మా వెనక వీధిలోనే ఉంటాడు. మా పట్టికలో చాలా నంబర్లు మా చుట్టుపక్కలవాళ్లవే కావడంతో ఆడవాళ్లం కొందరం వెనకాడుతున్నాము. వేగంగా పోయే వాహనాల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే సిగ్గుపడి తగ్గుతారని కొందరు అంటున్నారు. మీరేమంటారు?
— ఒక గృహిణి

సమాధానం: ఫొటోలు పెట్టవద్దు. నంబరు ప్లేటు కనబడేలా ఫొటో బయటికి పంపిన క్షణం నుంచి చర్చ వేగం మీద నుంచి మీ మీదికి మళ్లుతుంది. పొరపాటున వేరొకరి వాహనమైతే దాన్ని వెనక్కి తీసుకోలేరు. మీరు రాసిన నంబర్లు పోలీసులకు తప్ప మరెవరికీ, సొంత ఇంట్లోవారికి కూడా, తెలియకూడదన్న నియమం మొదటిరోజే పెట్టుకోండి. పని ముగియగానే పట్టికను ఒక్కరే దాచి, పోలీసులకు అందజేశాక మీ దగ్గర నకలు ఉంచుకోవద్దు. వేగాల లెక్క మాత్రం నంబర్లు లేకుండా వేరే కాగితం మీద ఉంచుకోండి.

కేకలు వేసినవారితో వాదించవద్దు. ‘మేము వేగం మాత్రమే రాస్తున్నామండీ, మీకు అభ్యంతరం ఉంటే పోలీసులను అడగవచ్చు’ అని ఒక్కమాట చెప్పి ఊరుకోండి. ఆయన తగ్గకపోతే ఆరోజుకు పని ఆపి అందరూ కలిసే వెళ్లిపోండి, ఒకరిని వెనక వదలవద్దు. జరిగినదాన్ని తేదీ, వేళతో రాసి పోలీసులకు తెలపండి. రోడ్డుమీదికి అడుగుపెట్టడం, చేయి చూపి ఆపబోవడం, వెంటపడడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

పట్టికలో ఇరుగుపొరుగువారే ఎక్కువగా ఉండడం మీ ఒక్కచోటి సంగతి కాదు. ఇళ్ల మధ్య రోడ్లను రోజూ వాడేది ఎక్కువగా ఆ చుట్టుపక్కలవారే కదా. దీన్ని నేను ఇబ్బందిగా కన్నా అవకాశంగా చూస్తాను. ఊరవతలి డ్రైవరుకు మీ మాట చేరదు, వెనకవీధివారికి చేరుతుంది. కార్యక్రమం మొదలుపెట్టే ముందే ప్రతి ఇంటికీ వెళ్లి ఏం చేయబోతున్నారో, ఎందుకో చెప్పండి. కేకలు వేసినాయన ఇంటికి కూడా, కోపం చల్లారాక, ఆయనకు తెలిసిన పెద్దమనిషిని ఒకరిని తీసుకుని వెళ్లండి. బృందంలో చేరమని అడగండి. ఒప్పుకోకపోయినా ఆ పలకరింపు వృథా కాదు.

ప్రశ్న: అధికారులు పట్టించుకోవడం లేదు కాబట్టి మేమే చందాలు వేసుకుని సిమెంటుతో స్పీడ్ బ్రేకరు కట్టుకోవచ్చా?
— కొందరు యువకులు

సమాధానం: వద్దు. కొలత తప్పిన దిబ్బ, చీకట్లో పెయింటు లేక కనబడని దిబ్బ, ద్విచక్ర వాహనం మీద వెళ్లేవారిని పడగొడుతుంది, అంబులెన్సులోని రోగిని కుదిపేస్తుంది. దానివల్ల ఎవరైనా గాయపడితే బాధ్యత కట్టినవారిమీద పడుతుంది. ఆ చందాతో మెరిసే జాకెట్లు, మంచి టేపు కొనండి.

ప్రశ్న: ఆరునెలలుగా వేగాలు రాస్తున్నాము. మేము నిలబడిన రోజుల్లో తగ్గుతోంది, లేని రోజుల్లో పెరుగుతోంది. జీవితాంతం ఇలాగే నిలబడాలా?
— ఒక స్వచ్ఛంద కార్యకర్త

సమాధానం: అక్కరలేదు. మీరు అడగవలసినవారు ఇక మారారు. ఇంతవరకు డ్రైవరును అడిగారు, ఇప్పుడు రోడ్డు వేసినవారిని అడగాలి.

వెడల్పుగా, తిన్నగా, చూపు ఆనినంత దూరం ఖాళీగా ఉన్న రోడ్డు వేగంగా పొమ్మని డ్రైవరుతో చెబుతుంది. పక్కన 30 అని ఎంత పెద్ద బోర్డు పెట్టినా రోడ్డు మాటే నెగ్గుతుంది. మీరు రాసిన అంకెలు తెలిపేది కూడా అదే: ఇక్కడి డ్రైవర్లలో చాలామంది పరిమితిని మించుతున్నారంటే, లోపం మనుషుల్లో మాత్రమే కాక రోడ్డు రూపంలో కూడా ఉంది. రోడ్డును ఇరుకు చేసి కాలిబాటను వెడల్పు చేయడం, పిల్లలు దాటేచోట రోడ్డునే కాలిబాట ఎత్తుకు లేపడం, తిన్నని రోడ్డును చెట్లతోనో, పార్కింగుతోనో మెలికలు తిప్పడం, పెద్ద రోడ్ల మధ్య అడ్డదారిగా మారిన వీధిని ఒకవైపు మూసి నడిచేవారికి, సైకిళ్లకు మాత్రమే దారి వదలడం వంటివి మీరు లేనప్పుడు కూడా, రాత్రి రెండింటికి కూడా పనిచేస్తాయి.

ప్రజలు అడిగి సాధించుకున్న చరిత్ర దీనికి ఉంది. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాలలో మూడువేలమందికి పైగా మరణించారు, వారిలో నాలుగువందలమందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్యను ఆపండి’ అనే పేరుతో తల్లిదండ్రులు, ఇరుగుపొరుగువారు వీధుల్లోకి వచ్చి రోడ్లను అడ్డగించి, పిల్లలు ఆడుకోగల వీధులు కావాలని అడిగారు. ఇళ్ల మధ్య వీధులలో నడిచేవారికే మొదటి హక్కు ఇచ్చే విధానానికి ఆ దేశం 1976లో చట్టబద్ధత కల్పించింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం 1992లో ముఖ్యమైన రోడ్లు తప్ప మిగతా వీధులన్నింటికీ 30 పరిమితి పెట్టింది. ఫిన్లండ్ రాజధాని హెల్సింకీ నగరం చాలా వీధులలో పరిమితిని 30కి దించి, వీధుల రూపం కూడా మారుస్తూ వచ్చింది. 2019లో అక్కడ పాదచారి ఒక్కరు కూడా ప్రమాదంలో మరణించలేదు. నడిచేవారు, సైకిలు తొక్కేవారు, వాహనాలు కలిసి తిరిగేచోట 30 మించకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రతపై జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం తన ప్రకటనలో పేర్కొంది. కాబట్టి మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదు.

అడిగేటప్పుడు అన్నీ ఒకేసారి అడగవద్దు. మీ ఆరునెలల పట్టికలోంచి ఒక్క చోటును ఎంచుకోండి, బడి ముందు దాటే చోటైతే మరీ మంచిది. అక్కడి 85వ అంకె, బడివేళ దాటే పిల్లల సంఖ్య, ఆ చోటు ఫొటో ఒకటి, మీరు కోరే మార్పు ఒకటి, ఒకే కాగితం మీద రాసి రోడ్ల విభాగం ఇంజనీరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. స్థానిక ప్రజాప్రతినిధికి నకలు పంపండి. శాశ్వత నిర్మాణానికి డబ్బు లేదంటే, పూలకుండీలతోనో, ప్లాస్టిక్ స్తంభాలతోనో మూడు నెలలపాటు తాత్కాలికంగా చేసి చూడమని కోరండి. దానికి ఖర్చు తక్కువ, నచ్చకపోతే తీసేయవచ్చు. ఆ మూడు నెలలలో మళ్లీ అదే చోట, అవే గుర్తుల మధ్య, అవే వేళల్లో, జాకెట్లు లేకుండా నూరు వాహనాలను కొలిచి, పాత పట్టికను, కొత్త పట్టికను పక్కపక్కన పెట్టి అదే ఇంజనీరుకు తీసుకువెళ్లండి.